తిరునాళ్ల లేని తీరం: మూడో వేదన గురించి ఒక పాఠం

రాజగహ నగరం దగ్గర ఏటా కొండ మీద ఒక పెద్ద తిరునాళ్ల జరిగేది. పాళీలో దాన్ని గిరగ్గసమజ్జ అంటారు. ఆటలు, పాటలు, నాటకాలు, గారడీలు, చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు తరలివచ్చేవి. ఉపతిస్సుడు, కోలితుడు అనే ఇద్దరు యువకులు కూడా పరివారాన్ని వెంటేసుకుని వెళ్లేవాళ్లు. ఇద్దరూ ఒకే రోజున పుట్టిన స్నేహితులు. నవ్వాల్సిన చోట నవ్వేవాళ్లు, భయపడాల్సిన చోట భయపడేవాళ్లు, బహుమానం ఇవ్వాల్సిన చోట డబ్బులు విసిరేవాళ్లు. ఒక ఏడాది మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు. "ఏంట్రా, ఇవాళ నీ మొహం అలా ఉంది?" అని ఒకడు అడిగితే, "నీ మొహమూ అలానే ఉంది కదా" అన్నాడు రెండోవాడు. ఇద్దరి మనసులోనూ ఒకటే ఆలోచన. ఇక్కడ ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఇంతమంది ఉన్నారే, నూరేళ్లు తిరిగేసరికి వీళ్లలో ఒక్కరైనా మిగులుతారా? అక్కణ్ణుంచి లేచి వెళ్లిన ఆ ఇద్దరే తర్వాత బుద్ధుని అగ్రశ్రావకులయ్యారు. మనం సారిపుత్త, మొగ్గల్లాన అని తలుచుకునేది వాళ్లనే.

అట్టకథలో వచ్చే ఈ ఘట్టాన్ని చాలామంది చెబుతారు గానీ ఒక సంగతి మీద నిలవరు. ఆ రోజు తిరునాళ్ల ఆగిపోలేదు. మేళం మోగుతూనే ఉంది, జనం కిక్కిరిసే ఉన్నారు. నిండు సందడి మధ్యలో కూర్చుని వాళ్లు ఖాళీని చూశారు. మనకంత పదునైన చూపు లేదు. మనకు ఖాళీని ఖాళీగానే చూపించాలి. అందుకే ఈ పాఠానికి ఉదాహరణగా ఒక మూసేసిన తిరునాళ్లను తీసుకుంటున్నాం.

న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ దక్షిణపు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున కోనీ ఐలండ్ అని ఒక చోటుంది. పేరులో ద్వీపం ఉన్నా ఇప్పుడది ద్వీపం కాదు. మధ్యలో ఉన్న పాయను కొంత పూడ్చేశాక నేలకు అతుక్కుపోయింది, పేరు మాత్రం అలానే నిలిచింది. (పేరుకూ వస్తువుకూ ఉన్న సంబంధం ఎంతటిదో అనత్త పాఠంలో చెప్పుకున్నాం కదా, అక్కడ దీన్ని కూడా కలుపుకోండి.) నూట ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో పేదవాడి పండగంతా అక్కడే. 1897లో స్టీపుల్‌చేజ్ పార్కు, 1903లో లూనా పార్కు, 1904లో డ్రీమ్‌లాండ్ వరుసగా వెలిశాయి. ఇళ్లలో ఇంకా కరెంటు లేని రోజుల్లో లూనా పార్కులో లక్షల బల్బులు వెలిగేవి. 1920లో నగరపు మెట్రో రైలు అక్కడిదాకా వచ్చాక ఐదు సెంట్లకే ఎవరైనా సముద్రం చూసి రావచ్చు. వేసవి ఆదివారాల్లో ఇసుకలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా ఆ నగరంలోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఊరు ఊరంతా ఆ ఒడ్డుకు పరుగెత్తే కాలంలో ఆయన గ్రంథాలయంలో గంటలు లెక్కపెట్టుకుని చదువుకున్నారు.

అక్కడి సీజన్ సుమారుగా ఏప్రిల్‌లో మొదలై అక్టోబరుతో అయిపోతుంది. డిసెంబరు, జనవరుల్లో వెళ్తే కనిపించేది వేరు. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. సముద్రం మీంచి వచ్చే గాలి ముక్కు చివర కోస్తుంది. బంతులు విసిరే కొట్లకు, షూటింగ్ కొట్లకు ఇనప షట్టర్లు దించి ఉంటాయి, వాటి మీద వేసిన బొమ్మల మొహాలు మాత్రం నవ్వుతూనే ఉంటాయి. 1927 నాటి సైక్లోన్ అనే రోలర్‌కోస్టర్ దగ్గర శబ్దం లేదు. వేసవిలో అయితే చెక్క పట్టాల మీద బండి దడదడలు, జనం కేకలు వీధి చివరికి వినిపిస్తాయి. 150 అడుగుల వండర్ వీల్, మన భాషలో జెయింట్ వీల్, 1920 నుంచి తిరుగుతోంది. దానికున్న 24 పెట్టెల్ని చలికాలంలో ఊడదీసి లోపల పెట్టేస్తారు. ఆకాశానికెదురుగా ఉత్త ఇనప చట్రం మిగులుతుంది. పక్కన 250 అడుగుల పారాచూట్ జంప్ స్తంభం. అది 1939 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది, 1941లో ఇక్కడికి తెచ్చారు. 1960ల తర్వాత దాన్నుంచి ఎవరూ దూకలేదు. దానికి వేసవైనా చలైనా ఒకటే. చెక్క పలకల నడకదారికి గేటు లేదు కాబట్టి అది మూతపడదు. పక్కనున్న బ్రైటన్ బీచ్ నుంచి రష్యన్ మాట్లాడే ముసలివాళ్లు దళసరి కోట్లు వేసుకుని నెమ్మదిగా నడుస్తుంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

వేదనలు మూడని మనకు తెలుసు. సుఖ వేదన, దుక్ఖ వేదన, అదుక్ఖమసుఖ వేదన. తెలుగులో వేదన అంటే బాధ అనే అర్థం స్థిరపడింది కాబట్టి కొత్తవాళ్లు తడబడతారు. ధమ్మంలో వేదన అంటే అనుభూతి, అంతే. కన్ను రూపాన్ని తాకితే ఫస్స, ఫస్స వల్ల వేదన, వేదన వల్ల తణ్హ. ఈ వరుసను సైక్లోన్ మీద పెట్టి చూడండి. గొలుసు బండిని ఒక్కసారి పైకి లాగి వదిలేస్తుంది. ఆ తర్వాత దానికి ఇంజను లేదు. మొదటి పల్లం 85 అడుగులు. పడే వేగమే మిగతా ఎత్తులన్నీ ఎక్కిస్తుంది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ రెండు నిమిషాల్లో కడుపులో దేవినట్లు అవుతుంది, గుండె నోట్లోకి వస్తుంది. నిజానికి అది దుక్ఖ వేదన. ఇదే పడిపోవడం లిఫ్టు తెగి జరిగితే ప్రాణాలు పోయినట్లే ఉంటుంది. టికెట్టు కొని, బెల్టు బిగించుకుని, "ఏం కాదులే" అన్న సఞ్ఞ మనసులో ఉంటే అదే అనుభూతి సరదా అయిపోతుంది. దిగినవాడు మళ్లీ వరుసలో నిలబడతాడు. కాబట్టి సుఖం పట్టాల్లో లేదు, బండిలో లేదు. మనసు వేసిన ముద్రలో ఉంది.

అయితే చలికాలంలో ఫస్స లేదు. బండి లేదు, కేక లేదు, మొక్కజొన్న పేలాల వాసన లేదు. అక్కడ నిలబడిన మనిషికి సుఖమూ లేదు, చెప్పుకోదగ్గ దుఃఖమూ లేదు. మిగిలింది మూడోది, అదుక్ఖమసుఖ వేదన. ఐదు నిమిషాలు కాకుండానే అతని చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతుంది. ఎందుకు పోయింది? ఎవరూ పిలవలేదు, ఏదీ ఊరించలేదు. ఈ ప్రశ్నకు జవాబు చూళవేదల్ల సుత్తంలో ఉంది. చెప్పింది ధమ్మదిన్నా థేరి, అడిగింది విశాఖుడనే ఉపాసకుడు, గృహస్థ జీవితంలో ఆమె భర్త. సుఖ వేదనలో రాగమనే అనుసయం, దుక్ఖ వేదనలో పటిఘమనే అనుసయం, అదుక్ఖమసుఖ వేదనలో అవిజ్జ అనే అనుసయం అణిగి ఉంటాయని ఆమె వివరించింది. తర్వాత విశాఖుడు వెళ్లి ఈ సంభాషణంతా చెబితే, నన్నడిగినా నేను ఇలాగే చెప్పేవాణ్ణని బుద్ధుడు అన్నాడు. ఒక స్త్రీ చెప్పిన ధమ్మానికి అంతకు మించిన ముద్ర ఏం కావాలి?

అనుసయం అంటే లోపల నిద్రపోతున్న ధోరణి. అదుక్ఖమసుఖంలో అవిజ్జ ఎలా ఉంటుందంటే, ఆ వేదన ఉందనే మనం గుర్తించం. "ఏం లేదు, బోర్ కొడుతోంది" అంటాం. ఏమీ లేకపోవడం కాదది, అదీ ఒక వేదనే. పుడుతుంది, ఉంటుంది, పోతుంది. దాన్ని చూడలేకపోవడం వల్లే మనిషి ఒక సుఖం నుంచి ఇంకో సుఖానికి దూకుతూ ఉంటాడు. మన జీవితంలో ఎక్కువ భాగం సుఖమూ కాదు, దుఃఖమూ కాదు. బస్సు కోసం నిలబడటం, అన్నం ఉడికేదాకా ఆగటం, రేషన్ షాపు దగ్గర క్యూ. అంటే సంవత్సరంలో ఎక్కువ రోజులు మన మనసు కూడా చలికాలపు కోనీ ఐలండే. ఆ రోజులన్నిటినీ లెక్కలోకి రానివిగా తీసిపారేస్తే బతుకులో మిగిలేదెంత?

ఇక్కడ ఒక పొరపాటు అర్థానికి తావుంది. గేటు మూసి ఉంది, కోరిక లేవలేదు, కాబట్టి తణ్హ చల్లారిందనుకుంటారు. కాదు. ఎన్నికల ముందు రెండు రోజులు మందు షాపులు మూసేస్తారు, ఆ రెండు రోజులూ తాగనివాడు తాగుడు మానేసినట్టా? వండర్ వీల్ పెట్టెల్ని తలుచుకోండి. వాటిని పారెయ్యలేదు. షెడ్డులో పెట్టారు. చలికాలమంతా పనివాళ్లు వాటికి మరమ్మతు చేస్తారు, రంగులేస్తారు. వసంతం రాగానే ఒక్కొక్కటీ తెచ్చి మళ్లీ చక్రానికి తగిలిస్తారు. అనుసయాలూ అంతే. సీజన్ లేనప్పుడు మనలో అవి ఖాళీగా ఉండవు. తలపోతలతో మనమే వాటికి రంగులేస్తూ ఉంటాం. గడిచిన పండగ, రాబోయే పండగ, అప్పుడు ఇలా చెయ్యాలి, ఇది కొనాలి. చలికాలంలో షెడ్డులో జరిగే పని వేసవిలో బయట కనిపిస్తుంది. సాధన చేసేవాడు గేటు దగ్గర కాపలా కాస్తే చాలదు, షెడ్డు తలుపు తీసి చూడాలి.

ఈ మాట చెప్పగానే కొందరు ఆటగాళ్ల మీద పడతారు. తాలపుట సుత్తాన్ని చూపిస్తారు. తాలపుటుడు నటబృందానికి నాయకుడు. జనాన్ని నవ్వించినవాడు చనిపోయాక నవ్వే దేవతల మధ్య పుడతాడని మా గురువులు అంటారు, నిజమేనా అని బుద్ధుణ్ణి అడిగాడు. వద్దు, అడగకు అని బుద్ధుడు రెండుసార్లు ఆపాడు. మూడోసారీ అడిగాక చెప్పాడు. రాగద్వేషమోహాలు ఇంకా వదలని జనానికి, వాటినే ఇంకా పెంచే సరుకు అందించేవాడు, తానూ మత్తులో ఉండి ఇతరుల్ని మత్తులో ముంచేవాడు పహాసమనే నరకానికి పోతాడని. తాలపుటుడు ఏడ్చాడు. మీరు ఇలా అన్నారని కాదు, తరతరాల గురువులు నన్ను ఇన్నాళ్లు మోసం చేశారని ఏడుస్తున్నానన్నాడు. ఆ మనిషే భిక్ఖువై అరహంతుడయ్యాడు.

ఈ సుత్తం పట్టుకుని తోలుబొమ్మలాట వాళ్లనో, పగటివేషగాళ్లనో, గడ మీద బిడ్డను నిలబెట్టి పొట్ట పోసుకునేవాళ్లనో చిన్నచూపు చూడటం ధమ్మం కాదు. బుద్ధుడు ముందు జవాబే చెప్పనన్నాడు, అది కరుణ. చెప్పాక చేయి వదల్లేదు. పైగా మన దేశంలో నవ్వించడం చాలామందికి వాళ్లు ఎంచుకున్న వృత్తి కాదు, కులం మెడకు కట్టింది. కోనీ ఐలండ్‌లోనూ చలికాలం అందరికీ ఒకేలా గడవదు. చూడవచ్చినవాడికి అది ప్రశాంతత, టికెట్లు చింపే కుర్రాడికి జీతం లేని నెలలు. ఆకలితో ఉన్నవాడి దగ్గర అదుక్ఖమసుఖ వేదన గురించి ఉపన్యాసం చెప్పకూడదు. ఆకలిగా ఉన్న రైతుకు ముందు అన్నం పెట్టించి తర్వాతే ధమ్మం చెప్పిన బుద్ధుని కథ మనందరికీ తెలుసు.

మరి సుత్తంలోని హెచ్చరిక దేని గురించి? చూపు గురించి. చూసేవాడి చూపు ఏమవుతుందనే దాని గురించి. దానికి అదే ఒడ్డున, అదే చలికాలంలో జరిగిన సంగతి ఒకటుంది. 1903 జనవరి 4. లూనా పార్కు ఇంకా కట్టుబడిలో ఉంది, మే నెలలో గాని తెరవలేదు. టాప్సీ అనే ఆడ ఏనుగు అక్కడ బరువులు లాగేది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆగ్నేయాసియా నుంచి పట్టుకొచ్చారు, ఏళ్ల తరబడి సర్కస్‌లో తిప్పారు. అంతకుముందు ఏడాది ఒక ప్రేక్షకుణ్ణి చంపింది. ఆ మనిషి మండే చుట్టతో దాని తొండాన్ని కాల్చాడంటారు. దాన్ని వదిలించుకోవాలనుకున్న యజమానులు ముందు టికెట్టు పెట్టి జనం ఎదుట ఉరి తీద్దామనుకున్నారు. జంతు సంరక్షణ సంఘం అడ్డుపడితే టికెట్టు మానుకున్నారు, చంపడం మానలేదు. విషం పెట్టిన క్యారెట్లు తినిపించి, కాళ్లకు రాగి తొడుగులు వేసి కరెంటు పెట్టారు, మెడకు తాడు బిగించారు. ఎడిసన్ కంపెనీ వాళ్లు దాన్ని ఫిల్ము తీసి అమ్ముకున్నారు. ఆటలేవీ లేని చలికాలంలో చావే ఆటయింది.

రాజగహ వీధిలో నాళాగిరి అనే ఏనుగుకు కల్లు తాగించి బుద్ధుని మీదికి వదిలిన కథ మనకు తెలుసు. ఆ ఏనుగూ మనుషులు రెచ్చగొట్టిందే. బుద్ధుని మెత్తా దాన్ని మోకాళ్ల మీదికి తెచ్చింది. మన అమరావతి శిల్పి దాన్ని ఒక గుండ్రటి ఫలకంలో రెండు ఘట్టాలుగా చెక్కాడు. ఒకవైపు ఏనుగు బీభత్సం, జనం పరుగులు, ఇంకోవైపు తలవంచిన ఏనుగు. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. వెళ్లినప్పుడు ఆ ఫలకంలో మేడ కిటికీల్లోంచి తొంగిచూస్తున్న మొహాల్ని ప్రత్యేకంగా చూడండి. ప్రేక్షకులు అక్కడా ఉన్నారు. అదే గుంపు ఒక చోట మెత్తాకు సాక్షి, ఇంకో చోట హింసకు గిరాకీ.

గిరాకీ అని ఎందుకంటున్నానంటే, 1905లో అదే లూనా పార్కులో ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన ఇగొరోట్ గిరిజనుల్ని ఊరు ఊరుగా కూర్చోబెట్టి టికెట్టు పెట్టి చూపించారు. మనుషులు మనుషుల్ని జంతుప్రదర్శనలా చూశారు. తమాషా ఏమిటంటే అదే పార్కులో ఇంకో టికెట్టు ఉండేది. మార్టిన్ కూనీ అనే ఆయన నెలలు నిండని పసికందుల్ని ఇంక్యుబేటర్లలో పెట్టి జనానికి చూపించేవాడు. ఆసుపత్రుల్లో ఆ సౌకర్యం లేని రోజులవి. తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకునేవాడు కాదు, ప్రేక్షకుల పాతిక సెంట్లతోనే నర్సుల జీతాలూ బిడ్డల పాలూ నడిచేవి. 1903 నుంచి 1943 దాకా కోనీ ఐలండ్‌లో వేల మంది శిశువులు అలా బతికారు. పిల్లల్ని ప్రదర్శనకు పెట్టడం తప్పని అప్పుడూ అన్నారు, నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ కమ్మం అంటే చేతన అని బుద్ధుడు చెప్పాడు కదా. టికెట్టు అదే, కిటికీ అదే, వెనకున్న చేతన వేరు. చూసేవాడి చేతన మాత్రం రెండు చోట్లా వింత చూడాలన్నదే కావచ్చు, దాని ఫలం వాడి దగ్గరే ఉంటుంది.

ఇంకొక తణ్హ గురించి చెప్పాలి, ఎందుకంటే చలికాలపు తీరం దాన్ని బాగా రేపుతుంది. పాడుబడ్డదాన్ని చూసి ఆనందించడం. మూసిన షట్టర్లు, తుప్పుపట్టిన చక్రాలు, పొగమంచు, ఫొటోలకు ఎంత బాగుంటాయో! "అబ్బ, అనిచ్చ!" అని నిట్టూర్చి ఫొటో పెట్టేస్తాం. ఇది అనిచ్చానుపస్సన కాదు, విషాదం రుచి. 1907లో స్టీపుల్‌చేజ్ పార్కు కాలిపోయిన మర్నాడే యజమాని టిల్యూ గేటుకు బోర్డు పెట్టాడు, కాలుతున్న శిథిలాలు చూడ్డానికి పది సెంట్లని. జనం ఇచ్చి చూశారు. 1911 మే నెలలో, వేసవి సీజన్ ఆరంభమవుతున్న రాత్రే, డ్రీమ్‌లాండ్ బూడిదయింది. మంటలు మొదలైంది నరకద్వారమనే పడవ ఆటలో, తారు కాచి చిల్లులు పూడుస్తుండగా. 1966లో స్టీపుల్‌చేజ్‌ను కొన్న కొత్త యజమాని కూల్చివేతకు విందు పెట్టి, పార్కు గుర్తయిన నవ్వు మొహం ఉన్న అద్దాల మీద అతిథులతో ఇటుకలు వేయించాడు. ఉండాలనే కోరిక భవతణ్హ అయితే, పోవాలనే కోరిక విభవతణ్హ. పోయినదాన్ని చూసి పొందే మత్తులో రెండూ కలిసి ఉంటాయి.

అనిచ్చ ఒకవైపే నడవదు. పోవడమే కాదు, రావడమూ అనిచ్చే. 1970ల్లో సైక్లోన్‌ను కూల్చేద్దామనుకున్నారు, 1988లో అదే నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. 2010లో లూనా పార్కు పేరుతో కొత్త పార్కు తెరిచారు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను సముద్రాన్ని వీధుల్లోకి తెచ్చింది, వసంతానికి ఆటలు మళ్లీ మొదలయ్యాయి. 2020 వండర్ వీల్‌కు నూరో ఏడు. ఉత్సవం చేయాల్సిన ఆ వేసవంతా కరోనా వల్ల చక్రం కదల్లేదు. చలికాలం నిజం, వేసవి మాయ అని మనం చెప్పడం లేదు. రెండూ సంఖారాలే. సారిపుత్త, మొగ్గల్లానలకు కలిగింది సంవేగం, అది కాళ్లకు కదలికనిస్తుంది. విషాదం ఉన్నచోటే కూర్చోబెడుతుంది. తేడా పట్టుకోవడానికి ఇదే గుర్తు: ఆ భావం కలిగాక మీరు లేచి ఏం చేశారు?

సాధన చెప్పి ముగిస్తాను. ఇందుకు అమెరికా పోనక్కర్లేదు. మీ ఊరి జాతర అయిపోయిన మర్నాడు, లేదా నాంపల్లి నుమాయిష్ ముగిశాక, లేదా వానాకాలం సాయంత్రం జనం లేని బీచిలో, అరగంట కూర్చోండి. ఫోను ఇంట్లో పెట్టి రండి. మొదటి పది నిమిషాలు ఊపిరిని గమనించండి. తర్వాత ఒంట్లో, మనసులో సుఖం కాని, దుఃఖం కాని అనుభూతి ఎక్కడుందో వెతకండి. దొరకదు. విసుగు దొరుకుతుంది. విసుగును పట్టుకోండి, అది మూడో వేదన మీద లేచిన పటిఘం. దాని కిందికి చూడండి. చెయ్యి జేబులోకి పోవాలని కదిలిన క్షణాన్ని గుర్తుపెట్టుకోండి, ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టండి. తలలో పాత తిరునాళ్ల ఆడుతుంటే షెడ్డు తలుపు తెరుచుకుందని తెలుసుకోండి, మూయాలని కంగారుపడకండి.

ఒకటి గుర్తుంచుకోండి. జాతర మర్నాడు మైదానం ఖాళీగా ఉండదు. మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు ఉంటారు. మనం వదిలేసిన ప్లేట్లు, సీసాలు, చెప్పులు ఎత్తేది వాళ్లే. వాళ్ల ఎదుట పద్మాసనం వేసుకుని కూర్చోవద్దు. ముందు ఒక సంచి పట్టుకుని వాళ్లతో కలిసి ఒక గంట ఎత్తండి, కూర్చోవడం తర్వాత. ఎత్తేటప్పుడు చేతికి తగిలే ప్రతిదానికీ ఏ వేదన కలిగిందో చూసుకోండి. ఆ గంటలో చూసింది, అరగంటలో చూసింది రెండూ కాగితం మీద రాసుకుని వచ్చే పున్నమి సమావేశానికి తీసుకురండి. తణ్హ తర్వాత వచ్చే ఉపాదానాన్ని అక్కణ్ణుంచే మొదలుపెడదాం.